మిల్లుకు పోయే రెండు సద్దులు

నేను పుట్టుకతోనే పిరికిదాన్ని. ఉరిమితే భయం, వీధికుక్క గుర్రుమంటే భయం, తంతి తెచ్చే మనిషి సైకిలు మా సందులోకి మళ్ళితే ఇంకా భయం. కానీ ఆ ఏడు నేను పడ్డ భయం ముందు అవన్నీ ఉత్తుత్తి భయాలే. ఒక ఇనుప మిషనును చూసి వణికిపోయాను నేను. అది కరిచేదీ కాదు, కాల్చేదీ కాదు. లెక్కలు చేసేది, అంతే. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజుల్లో కర్నూల్లో మా ఇంట్లో ఉండి ఉంటే మీ గుండె కూడా దడదడలాడేది.

రాజధాని మా ఊరి నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు అది. రాజధానిగా ఉన్నన్నాళ్ళూ ఊరు ఊరంతా గుడారాలే. ఆఫీసులు గుడారాల్లో, ఫైళ్ళు గుడారాల్లో, గుమస్తాలు గుడారాల్లో. ఇడ్లీలు అమ్ముకునేవాడు మిద్దె లేపాడు. గొడ్లపాకకు సున్నం కొట్టి, దాన్నే ఇల్లని చెప్పి అద్దెకిచ్చిన మహానుభావులు కూడా మా వీధిలోనే ఉన్నారు. ఒక్కసారిగా అందరూ మూటాముల్లె సర్దుకుని పోయారు. గుడారాల గుంజలు పీకిన గుంతలు మాత్రం మాకు మిగిలాయి. అద్దె ఇళ్ళకు తాళాలు పడ్డాయి, హోటళ్ళకు తాళాలు పడ్డాయి. అది చాలదన్నట్టు వానలు మొహం చాటేశాయి. పండిన కాసిన్ని శనక్కాయలకు ధర లేదు. మిల్లులు ఒకటొకటిగా మూతపడుతుంటే, మా నాయన పనిచేసే నూనె మిల్లులో కూడా సగం యంత్రాలకు గుడ్డలు కప్పేశారు.

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నాయన, మామ, నేను. మామ అంటే మా అమ్మ తమ్ముడు, నా మొగుడు. మా వైపు మేనమామను చేసుకోవడం వింతేమీ కాదు. నా చిన్నప్పుడే అమ్మ పోయింది. అమ్మతోపాటు పుట్టింటి నుంచి వచ్చి మా ఇంట్లోనే పెరుగుతున్న మామను నాయన వెనక్కి పంపలేదు. తన దగ్గరే పెట్టుకుని చదివించాడు, నన్నిచ్చి పెళ్ళి చేశాడు. అందుకని నా మొగుడు మా నాయనను 'మామా' అని పిలవడు, 'బావా' అనే పిలుస్తాడు. మాది నందికొట్కూరు దగ్గర పల్లె. కరువుకు చేలు బీళ్ళు పడితే నాయన కర్నూలు వచ్చి, శనక్కాయ నూనె మిల్లులో లెక్కలు రాసే పనికి కుదిరాడు. వాలుగా ఉండే రాతబల్ల ముందు చాప మీద కూర్చుని, తల నెరిసేదాకా రాశాడు.

మామకు రాజధాని ఆఫీసులో పని దొరికింది. ఒక గుడారంలో కూర్చుని లెక్కల మిషను తిప్పే పని. ఆ రోజుల్లో పొద్దున్నే నేను రెండు సద్దులు కట్టేదాన్ని. ఒకటి మిల్లుకు, ఒకటి గుడారాలకు. జొన్నరొట్టె, నంజుకోవడానికి ఊరిబిండి, ఉంటే కాస్త పెరుగు. గుడారాలు పీకేశాక టెంపరరీ వాళ్ళందరినీ ఇంటికి పొమ్మన్నారు. ఆ తర్వాత చాన్నాళ్ళు ఒకటే సద్ది కట్టాను. ఖాళీ సద్దిగిన్నె గూట్లో బోర్లించి ఉండేది. మామ దానివైపు చూడకుండా తల తిప్పుకునేవాడు.

అలాంటప్పుడు మిల్లు సావుకారు మద్రాసు నుంచి ఒక లెక్కల మిషను తెచ్చుకున్నాడు. రైతు కుటుంబం నుంచి వచ్చి మిల్లు పెట్టిన మనిషి. చెడ్డవాడు కాదు, కానీ అప్పటికి బాగా బెదిరిపోయి ఉన్నాడు. మిషను తిప్పడం వచ్చినవాడు ఊళ్ళో ఎవరున్నారని ఆరా తీస్తే మామ పేరే చెప్పారంట. నాయన అల్లుడే అని తెలిసి, ఇద్దరినీ పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. అక్కడ జరిగిందంతా ఆ సాయంత్రం మామే నాకు చెప్పాడు.

"చూడప్పా, పంట బాగుండి ధర బాగుంటే ఈ మిషను యాలకు నాకు?" అన్నాడంట సావుకారు. "లెక్క రేపు తేలినా లాభమే, ఎల్లుండి తేలినా లాభమే. ఇప్పుడట్ల గాదు. పొద్దున ఒక ధరతో తంతి వస్తాది, మధ్యాన్నానికి ఇంకో ధరతో వస్తాది. కాయ కొంటే నూనెకెంత పడతాది, నూనె తీసినాక మిగిలే చెక్కకెంత పడతాది, కొనాల్నా వద్దా అని పెద్దాయన లెక్క తేల్చేలోపల ధర ఇంకా కిందికి దిగిపోతాండాది. నేను మునుగుతాండా. నాకు తొందరుండాది."

అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత అన్నమాటే మా ఇంటిమీద పిడుగై పడింది.

"ఇద్దరికీ ఏడంతా జీతం ఇచ్చే తాహతు నాకు లేదు. దసరా దాకా ఇద్దరూ చేయండి. కొత్త కాయ వచ్చేనాటికి ఒకరే ఉండాల. మిషను నిలబడితే ఈ పిల్లోడు, నిలబడకుంటే పెద్దాయన."

ఎవరి జీతమైతేనేం, ఇంటికి వచ్చేది ఒకటే కదా అనుకుంటారేమో. అట్లా కాదు. నాయన ఆ రాతబల్ల ముందు నుంచి లేస్తే మళ్ళీ కూర్చునే చోటు ఈ భూమ్మీద లేదు. ఆ వయసు మనిషిని ఎవరు పెట్టుకుంటారు? మామకు ఈ పని పోతే బొంబాయి రైలే. మా వీధిలో మగవాళ్ళు అప్పటికే చాలామంది అట్లాగే పోయారు. కొందరి దగ్గర నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. నాకేమో కడుపు. నాయన కూలబడితే చూడలేను, మామ రైలెక్కితే బతకలేను. దసరా రావద్దు దేవుడా అని మొక్కుకున్న ఆడది ఆ ఏడు కర్నూల్లో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మళ్ళీ రెండు సద్దులు కట్టడం మొదలుపెట్టాను. ఈసారి రెండూ మిల్లుకే. ఇద్దరూ కలిసే బయలుదేరేవాళ్ళు. నాయన ముందు, మామ వెనక. రొట్టెలు గుడ్డలో చుడుతూ రెండు సద్దులనూ మార్చి మార్చి చూసేదాన్ని. ఈ రెంటిలో ఏదో ఒకటి ఆగిపోతుంది. ఏది? పొద్దున లేస్తూనే అదే ఆలోచన, పడుకునేటప్పుడూ అదే ఆలోచన.

పక్కింటి దర్జీ సాయిబు మంచివాడే గానీ, నోరు ఊరుకునేది కాదు. "ఆ మిషన్ తిండి తినదు బేటీ, సెలవడగదు, జ్వరమొచ్చిందని పండుకోదు. ఇప్పుడు ముసలోళ్ళ పని తింటాది, రేపు పిల్లోళ్ళ పని కూడా తింటాది. నా కుట్టుమిషన్ మేలు, కాలు ఆడించకుంటే కదలదు" అనేవాడు. ధైర్యం చెప్పమంటే ఆయన చెప్పే ధైర్యం అది!

ఒకరోజు మామ సద్ది మరిచిపోయి వెళ్తే నేనే మిల్లుకు తీసుకెళ్ళాను. లెక్కల గదిలో ఒక మూల నాయన రాతబల్ల, ఇంకో మూల మేజా మీద మిషను. నల్లగా, బరువుగా, దిమ్మలాగా కూర్చుని ఉంది. ముందువైపు గాడుల్లో చిన్న చిన్న పుల్లలు. వాటిని కిందికీ పైకీ జరిపితే అంకెలు. పక్కన పిడి. మామ పిడి పట్టుకుని ముందుకు తిప్పితే కూడుతుంది, వెనక్కి తిప్పితే తీసేస్తుంది. గబగబా తిప్పుతుంటే లోపల చక్రాలు కరకరమంటూ మిషను ముందున్న చిన్న చిన్న కిటికీల్లో అంకెలు మారిపోతున్నాయి. మధ్యమధ్య కీచుమని ఒక శబ్దం. నేను గడప దగ్గరే నిలబడిపోయాను.

ఉన్నట్టుండి లోపలి నుంచి గంట మోగింది. ప్రాణం పైకి పోయినంత పనైంది. చేతిలో గిన్నె జారి మూత దొర్లుకుంటూ నాయన దగ్గరికి పోయింది. ఇద్దరూ ఒకటే నవ్వు.

"భయపడొద్దు" అన్నాడు మామ. "ఉండేదానికంటే ఎక్కువ తీసేస్తే అది గంట కొడతాది. యాడో తప్పు చేసినావు, చూసుకో అని చెప్పడం."

నాయన కళ్ళజోడు పైకి నెట్టి, "మన సావుకారుకు కూడా అట్లాంటి గంటొకటి పెట్టింటే, ఈ ఏడు పొద్దుమూకులూ కొడతానే ఉండేది" అన్నాడు. మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఒకరి పని ఒకరు తీసేసుకోబోతూ ఇట్లా ఎట్లా నవ్వుకుంటున్నారో నాకు అర్థం కాలేదు. ఇద్దరి మీదా కోపమొచ్చింది. మూత తెచ్చి గిన్నె మీద పెట్టి, సద్ది అక్కడే వదిలి ఇంటికి వచ్చేశాను.

దసరా రానే వచ్చింది. నేను వద్దంటే ఆగుతుందా?

ఆయుధపూజ అంటే మా మిల్లులో పెద్ద సంబరం. యంత్రాలన్నీ కడిగి, తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టేవాళ్ళు. లెక్కల గదిలో పూజ నాయనదే. కాయ తూచే కాటాకు కూడా ఆయనే పూజ చేసి, దాని కీళ్ళలో ఆముదం పోసేవాడు. పల్లెలో బండి ఇరుసుకు ఆముదం పోసి పెరిగిన చెయ్యి కదా. తిరిగేది ఏదైనా సరే, ఏడాదికొకసారి దానికి ఆముదం తాపించాలని ఆయన పట్టుదల. పూజ అయ్యాక ఆ రోజంతా పనిముట్టును ఎవరూ ముట్టుకోరు. మర్నాడు విజయదశమి నాడు మంచి గడియ చూసి మళ్ళీ పని మొదలుపెడతారు.

పూజ రోజు పొద్దున నాయన, "అమ్మా, మన పల్లె నుంచి తెచ్చిన ఆముదం ఉండాదా? ఆ చిక్కటిది?" అని అడిగాడు. నేనే సీసా తీసి ఇచ్చాను. ఏటా అది సగానికి పైగా మిగిలి తిరిగి వచ్చేది. ఆ రోజు ఖాళీ సీసా వచ్చింది. కాటాకు ఎక్కువ పట్టిందేమో అనుకుని కడిగి ఎండలో పెట్టాను. ఆ రోజు మామ మిల్లుకు పోలేదు. ముట్టుకోకూడని రోజు పోయి ఏం చేస్తాడు? మిల్లు తలుపులన్నీ బార్లా తెరిచి ఉంచారు. ఎర్రటి దుమ్ముగాలి సాయంత్రం దాకా విసిరి కొట్టింది.

విజయదశమి పొద్దున ఆడవాళ్ళం కూడా ప్రసాదానికి మిల్లుకు వెళ్ళాం. ఆదోని నుంచి, నంద్యాల నుంచి సావుకార్లు వచ్చారు. మిల్లులు మూసుకోవాలా, నడుపుకోవాలా అని తేల్చుకోలేని వాళ్ళు వాళ్ళంతా. మా సావుకారు వాళ్ళకు మిషను చూపించి, ఇదిగో ఇట్లా గట్టెక్కుతాను చూడండి అని చెప్పాలనుకున్నాడు. నాయన పెరట్లో హమాలీలకు బొరుగులు, బెల్లం, కొబ్బరిముక్కలు పంచుతున్నాడు. నేను లెక్కల గది గడప బయట నిలబడ్డాను.

మిషనుకు కుంకుమ బొట్లు, చందనం, మీద బంతిపూల దండ. మామ దండ తీసి కళ్ళకద్దుకున్నాడు. సావుకారు ఒక ధర చెప్పాడు. మామ పుల్లలు జరపబోయాడు. ఒక్కటీ కదల్లేదు. బొటనవేలితో గట్టిగా నొక్కితే ఒకటి కాస్త జరిగి ఆగిపోయింది. పిడి పట్టుకుని తిప్పబోయాడు. సగం దూరం పోయి బిర్రుగా బిగుసుకుంది. వెనక్కి తిప్పాడు, రాలేదు. మామ మెడ మీద చెమట పట్టడం నాకు గడప దగ్గర్నుంచే కనిపించింది.

"ఏమాయప్పా?" అన్నాడు సావుకారు.

మామ వంగి అడుగున చూశాడు. మేజా మీద నూనె మడుగు కట్టి ఉంది. సావుకారు వేలితో తీసి వాసన చూశాడు. "ఆముదం! ఇంత ఖరీదు పెట్టి తెచ్చిన మిషన్లో ఎవురు పోసిరి ఆముదం?"

ఎండలో పెట్టిన ఖాళీ సీసా నా కళ్ళముందు మెదిలింది. సావుకారు ఇంకోసారి అడిగితే నేనేం చేయాలి? నోరు తెరిస్తే నాయన పోతాడు. తెరవకపోతే మామ పోతాడు.

"నేనే పోసినా" అన్నాడు మామ. "తప్పైంది. బాగా తిరుగుతాదనుకుంటి."

సావుకారు మొహం ఎర్రబడింది. పక్క ఊళ్ళ సావుకార్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని మీసాల్లో నవ్వుకున్నారు. వాళ్ళ నవ్వు చూశాక ఆయనకు ఇంకా కాలింది. "రేపు పొద్దునకల్లా ఇది తిరగాల. తిరగకుంటే రేపటి మద్రాసు రైలుకు అది పోతాది. నువ్వు నీ దావ చూసుకో."

మిషనును జట్కాలో వేసుకుని ఇంటికి వచ్చాం. దారి పొడుగునా మామ దాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను ఆయన వైపు చూడలేదు. నా తలలో ఒకటే మాట తిరుగుతోంది. దాన్ని నాకు నేను చెప్పుకోవడానికి కూడా భయమేసింది. నాయన కావాలనే పోశాడా? మిషను ఆగిపోతే తన చోటు తనకుంటుందని? ఒకరి నోటి దగ్గర కూడు లాక్కునే మనిషి కాదు ఆయన, ఆ సంగతి నాకు తెలుసు. కానీ భయమనేది మనిషిని ఏమైనా చేస్తుంది. నేనే అప్పటికి ఎన్ని పిచ్చి మొక్కులు మొక్కానో నాకు తెలుసు కదా.

నడవాలో చాప పరిచి మామ మిషను పైకప్పు విప్పాడు. రాజధాని ఆఫీసులో బాగుచేసే మనిషి వచ్చినప్పుడల్లా పక్కన కూర్చుని చూసేవాడంట. మూత తీయగానే గుప్పున ఆముదం వాసన. ఆముదంలో ఎర్రదుమ్ము, కుంకుమ, చందనం కలిసి, చక్రాల పళ్ళ మధ్య ముద్దలు ముద్దలుగా గట్టిపడి ఉంది.

"నాయనే గదా?" అన్నాను.

మామ తలెత్తలేదు. "కిరసనాయిలు తీసుకురా పో."

"చెప్పు మామా. నాయనే గదా? కావాలనే..."

"నోరు ముయ్యి" అన్నాడు. నన్ను అట్లా అనడం అదే మొదటిసారి. కాసేపటికి తనే మళ్ళీ, "బావ అట్లాంటోడు గాదు" అన్నాడు. గట్టిగా అనలేదు. తనకు తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు. దాంతో నాకు ఇంకా భయమేసింది. ఆయనకూ ఆ అనుమానం వచ్చిందన్నమాట.

మధ్యాహ్నం పొద్దు వాలుతుండగా నాయన వచ్చాడు. కండువాలో నాకోసం కొబ్బరిముక్కలు మూట కట్టుకుని తెచ్చాడు. మిల్లులో ఏం జరిగిందో ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. మొహం కళకళలాడుతూనే ఉంది. చాప మీద మిషను విప్పి ఉండడం చూసి ఆగిపోయాడు.

"ఏమప్పా, పండగపూట ఇట్ల విప్పదీసినావు?"

"దుమ్ము పడింది బావా. తుడుస్తాండా."

"దుమ్మా? దుమ్మెట్ల పడతాది?" అన్నాడు నాయన. "నిన్న నేను అంత ఆముదం పోస్తిని గదా! సీసా సీసా పోస్తి. చక్రం చక్రానికీ కోడి ఈకతో పూస్తి. కాటాకు కూడా అంత పోయలే."

ఆ గొంతులో ఉన్నది గొప్ప. పిల్లవాడు తాను చేసిన పని చూపించుకునేటప్పుడు ఉంటుందే, అట్లాంటి గొప్ప. ఏడవాలో నవ్వాలో తెలియలేదు నాకు. పొద్దుటి నుంచి గుండెల మీద కూర్చున్న బరువులో సగం అక్కడికక్కడే దిగిపోయింది. మిగతా సగం అట్లాగే ఉంది.

నాయన మామ మొహం చూశాడు, నా మొహం చూశాడు. వంగి, చక్రాల మధ్య గడ్డకట్టిన ముద్దను గోటితో గీరాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మెల్లగా చాప అంచున కూలబడ్డాడు.

"ఇరుసుకు ఆముదం లేకుంటే కీచుమంటాది" అన్నాడు. "ఇదీ కీచుమంటా ఉండె. ఎండకు ఎండిపోయినాదేమో అనుకుంటి. పరాయి ఊరి సావుకార్లు వస్తాండారు, వాళ్ళ ముందర బాగా తిరగాల, నీకు పేరు రావాల అనుకుంటి. మొక్కుకుని మరీ పోస్తినప్పా."

"నాకు తెలుసు బావా."

"సావుకారు ఏమన్నె?"

మామ దాచలేకపోయాడు. రేపు పొద్దునకల్లా తిరగకపోతే మిషను మద్రాసుకు, తాను తన దావన. ఆముదం తానే పోశానని చెప్పిన మాట కూడా చెప్పాడు.

"నువ్వు పోసినావని యాల చెప్తివి?" నాయన గొంతు పెరిగింది. ఆయన కసురుకోవడం నేను ఎప్పుడో గానీ విననిది. "నా పేరు చెప్తే ఏమైతాది? నన్ను పొమ్మంటాడు, అంతే గదా! నేను యాడికి పోతా? ఈడనే, ఈ అరుగు మీదనే ఉంటా. నువ్వు పోతే యాడ తేలుతావో ఎవురికి తెలుసు?" అని నావైపు, నా కడుపువైపు చూశాడు. చొక్కా విప్పి గోడకు తగిలించి, పంచె ఎగ్గట్టుకుని చాప మీదికి జరిగాడు. "ఏం చేయాల్నో చెప్పు."

మామ చెప్పాడు. నేను చీపురు పుల్లలకు పాతగుడ్డ చుట్టి ఇచ్చాను. నాయన వాటిని కిరసనాయిల్లో ముంచి, ఒక్కొక్క చక్రం, ఒక్కొక్క పన్ను తుడుస్తూ పోయాడు. చూపు ఆనకపోతే మిషనును వెలుతురుకు తిప్పుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని తుడిచాడు. వీధిలో జనం కొత్తబట్టలు కట్టుకుని జమ్మికి పోతున్నారు. పిలిచినవాళ్ళకు మామే, మీరు పోండి, మేం తర్వాత వస్తాం అని చెప్పి పంపాడు. తన చోటు లాక్కోబోయే యంత్రాన్ని ఆ ముసలాయన పసిబిడ్డకు ఒళ్ళు తుడిచినట్టు తుడుస్తుంటే, నేను వంటింట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. మిషను బాగుపడాలని మొక్కాలా, పడకూడదని మొక్కాలా? ఎటు మొక్కినా నా ఇంటికే తగులుతుంది. ఆ సాయంత్రం నేను ఏ దేవుడికీ మొక్కలేదు.

ముద్దంతా వదిలాక, మామ పొడిగుడ్డతో తుడిచాడు. నాయన పక్కింటికి పోయి దర్జీ సాయిబు దగ్గర కుట్టుమిషను నూనె చిన్న గిన్నెలో పోయించుకొచ్చాడు. ఈసారి మామ చుక్క చుక్కగా వేస్తుంటే పక్కన కూర్చుని, "ఇంతేనా? ఇంత చాల్నా?" అని అడుగుతూనే ఉన్నాడు.

దీపాలు పెట్టే వేళకు పైకప్పు బిగించడం అయింది. మామ పిడి మీద చెయ్యి వేశాడు, మళ్ళీ తీసేశాడు. "నాకు భయంగా ఉండాది బావా. నువ్వే తిప్పు" అన్నాడు.

"నాకేం తెలుసప్పా?"

"తిప్పు బావా, ఊరికే."

మామ ఒక పుల్లను కాస్త కిందికి జరిపాడు. అది తేలిగ్గా జారింది. నాయన పంచెకు చెయ్యి తుడుచుకుని, పిడి పట్టుకుని, ఎటు తిప్పాలో తెలియక తనవైపుకు, వెనక్కి తిప్పాడు. కరకరమని పిడి పూర్తిగా తిరిగింది. కిటికీల్లో అంకెలన్నీ ఒక్కసారిగా తొమ్మిదులయ్యాయి. లోపల గంట ఖణేల్‌మని మోగింది.

నాయన నిప్పు తాకినట్టు చెయ్యి లాక్కున్నాడు. "చెడిపోయినాదా? మళ్ళా చెడగొట్టినానా?"

"లేదు బావా" అన్నాడు మామ. ఆయన నవ్వుతున్నాడు, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. "బాగైంది. ఏమీ లేని దాంట్లోంచి తీసినావు, అందుకే గంట కొట్టింది. బాగైంది బావా."

మిల్లులో మొదటిసారి విన్నప్పుడు నన్ను ఎగిరి గంతేయించిన గంట అదే. దానికోసమే ఆ సాయంత్రమంతా చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. అది మోగగానే అమ్మయ్య అనుకున్నాను. మామ ఉంటాడు, బొంబాయి రైలు లేదు. అనుకున్న మరుక్షణమే నాయన మొహం చూశాను.

ఆయన మిషను వైపే చూస్తున్నాడు. కిరసనాయిలు మరకలైన వేళ్ళను గుడ్డకు ఒక్కొక్కటిగా తుడుచుకున్నాడు. "మంచిదప్పా" అన్నాడు. "రేపు పొద్దున్నే పోయి తిప్పి చూపీ. ఆముదం పోసింది నేనని నేనే వచ్చి చెప్తా. ఆ మాట నీమీద ఉండకూడదు." మామ ఏదో అనబోతే చేత్తో వారించాడు. చాప మీద నుంచి లేస్తూ నా భుజం పట్టుకున్నాడు. మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి.

"అమ్మా, ఎల్లుండి నుంచి నాకు సద్ది కట్టొద్దులే" అన్నాడు.

మర్నాడు చెప్పినట్టే ఇద్దరూ కలిసి మిల్లుకు పోయారు. మిషను తిరిగింది. నాయన చెప్పాల్సింది చెప్పాడు. పెద్దాయనా, ఏమీ అనుకోవద్దు అని మాత్రం సావుకారు అన్నాడంట. నాయన ఆ రాతబల్లను నెత్తిన పెట్టుకుని నడిచి ఇంటికి వచ్చాడు.

ఆ తర్వాతి రోజు తెల్లవారక ముందే లేచి, అలవాటు కొద్దీ గూట్లో నుంచి రెండు గిన్నెలు దించాను. దించాక గుర్తొచ్చింది. ఒకటి మళ్ళీ బోర్లించి, చప్పుడు కాకుండా వాకిలి తీశాను. నాయన అప్పటికే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. స్నానం చేసి, తల దువ్వుకుని, మిల్లుకు తొడుక్కునే చొక్కా తొడుక్కుని.